పాత డెస్క్‌టాప్ పారేసే ముందు ఒక్కసారి మూత విప్పి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో టెక్నాలజీ పేజీ వస్తుంది కదండీ, అది నేను వదలకుండా చదువుతా. ఫోన్ల గురించి, కొత్త ల్యాప్‌టాప్‌ల గురించి, ఏఐ గురించి బాగానే రాస్తున్నారు, కాదనను. కానీ టేబుల్ కింద దుమ్ము కొట్టుకుని పడున్న ఆ పెద్ద డబ్బా ఉంటుంది చూడండి, డెస్క్‌టాప్, దాని గురించి మాత్రం ఒక్క ముక్క రాయరు. ఎప్పుడైనా రాసినా "ఐదేళ్ళు దాటితే మార్చేయడమే మంచిది" అని ఒక్క లైన్‌లో తేల్చేస్తారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక అయితే మరీ, తెలిసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "మన సిస్టమ్ ఇంక పనికిరాదంటగా, తీసేసి కొత్తది కొనమంటావా" అని. నేనేం కంప్యూటర్ ఇంజినీర్ని కాదు, ఆఫీసులో లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది, కాకపోతే చాలా ఏళ్ళుగా ఇంట్లోవీ చుట్టాలవీ స్నేహితులవీ పాత సిస్టమ్‌లు విప్పి సర్దిపెడుతూ ఉన్నా, అందుకని తెలిసిన నాలుగు ముక్కలు చెబుదామని ఈ ఉత్తరం. పెద్దదైపోయింది, చోటు లేకపోతే కత్తిరించండి పర్లేదు, హార్డ్ డిస్క్ గురించి రాసిన భాగం మాత్రం దయచేసి తీసేయొద్దు.

నేను చెప్పొచ్చేది ఒక్కటే. కంప్యూటర్ మొత్తం ఒకేసారి ముసలిది అయిపోదు. అందులో ఏదో ఒక పార్ట్ వెనకపడుతుంది, మిగతావన్నీ బాగానే ఉండి కూడా దాని కోసం కాచుకుని కూర్చుంటాయి. ఆ పార్ట్ ఏదో చూడకుండా మొత్తం మార్చేస్తాననడం ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. చూడటం కూడా ఏమంత కష్టం కాదండీ, కీబోర్డ్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్ అని ఉంటుంది, సిస్టమ్ నత్తనడక నడుస్తున్న టైంలోనే అది తెరిచి పెట్టుకుని కాసేపు గమనించాలి. ప్రాసెసర్ ఇరవై ముప్పై శాతంలోనే ఉండి డిస్క్ మాత్రం వంద శాతం దగ్గర అతుక్కుపోయి ఉందనుకోండి, రోగం దొరికినట్టే. నేను చూసిన పాత సిస్టమ్‌లలో ఎక్కువ భాగం ఇదే కథ. మెమరీ నిండిపోయి డిస్క్ కూడా తిరుగుతూ ఉంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. ప్రాసెసర్ నూటికి నూరు కొడుతూ ఉంటే అప్పుడు, అప్పుడు మాత్రమే, సిస్టమ్ నిజంగా పాతబడింది అనే మాట ఆలోచించాలి, అది కూడా ఏ ప్రోగ్రామ్ వల్ల అలా కొడుతోందో చూశాక.

ఇప్పుడు హార్డ్ డిస్క్ సంగతి. పాత డెస్క్‌టాప్‌లలో ఉండేది తిరిగే డిస్క్. లోపల గుండ్రటి పళ్ళేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతూ ఉంటాయి, వాటి మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ జరుగుతూ డేటా చదువుతుంది. నిమిషానికి 7200 అంటే సెకనుకి 120, ఒక్క చుట్టుకి ఎనిమిది మిల్లీసెకన్ల పైన పడుతుంది, కావాల్సిన చోటు ఆ చెయ్యి కిందకి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి, దానికి ముందు చెయ్యి సరైన వరుసకి జరగడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది. అంటే ఒక చిన్న ఫైల్ ముక్క వెతికి తేవడానికి పన్నెండు మిల్లీసెకన్ల దాకా అవుతుంది, సెకనుకి వంద ముక్కలు తేవడమే గగనం. ఒకటే పెద్ద సినిమా ఫైల్ వరసగా కాపీ చేసేటప్పుడు ఇది పెద్దగా తెలియదు, ఎందుకంటే చెయ్యి అటూ ఇటూ తిరగక్కర్లేదు, సెకనుకి వంద నూట యాభై ఎంబీ ఈజీగా లాగేస్తుంది. కానీ విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అలా కాదు కదా, వేల చిన్న చిన్న ఫైళ్ళు డిస్క్ మీద ఎక్కడెక్కడో ఉంటాయి, వాటి వెనకాల యాంటీవైరస్ ఒకటి, అప్‌డేట్ ఒకటి, సెర్చ్ ఇండెక్స్ ఒకటి, అందరూ ఒకేసారి ఆ ఒక్క చేతినే పట్టుకు లాగుతారు. అందుకే డెస్క్‌టాప్ స్క్రీన్ వచ్చాక కూడా నిమిషాల తరబడి మౌస్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

హార్డ్ డిస్క్ చోట పెట్టుకునే కొత్త రకం డిస్క్ ఎస్‌ఎస్‌డీ, అందులో తిరిగేది ఏమీ లేదు, అంతా చిప్స్. ఏ ముక్క అడిగినా సుమారు 0.1 మిల్లీసెకన్‌లో ఇచ్చేస్తుంది, అంటే వెతకడంలో వంద రెట్ల తేడా. అందుకే అదే పాత ప్రాసెసర్, అదే ర్యామ్ ఉంచి హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే జనం నమ్మరు, లోపల ఇంకేదో కూడా మార్చావు చెప్పట్లేదు అంటారు. మా ఇంట్లో ఉన్నది ఇంటెల్ మూడో తరం ఐ5, 2012 నాటి రకం, ఎస్‌ఎస్‌డీ పెట్టక ముందు ఉదయం పవర్ బటన్ నొక్కేసి వెళ్ళి స్నానం చేసొచ్చేవాళ్ళం, ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చునేలోపు పాస్‌వర్డ్ అడుగుతుంది. ప్రాసెసర్ అప్పటిదే, ఒక్క స్క్రూ కూడా మార్చలేదు దానికి.

కొనేటప్పుడు ఒకటి రెండు విషయాలు చూసుకోవాలి. పాత మదర్‌బోర్డులకి, అంటే పార్ట్‌లన్నీ తగిలించే ఆ పెద్ద బోర్డుకి, 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీనే సరిపోతుంది, దానికి కావాల్సిన డేటా కేబుల్ పవర్ కేబుల్ హార్డ్ డిస్క్‌కి వాడేవే, అచ్చం అవే. బోర్డు మీద సాటా పోర్టు పాత రకం, అంటే 3 గిగాబిట్‌ది అయితే స్పీడ్ సగానికి పడిపోతుంది కదా అని భయపెడతారు కొందరు. హెచ్61 చిప్‌సెట్ బోర్డులు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి, వాటిల్లో ఉన్నవి అన్నీ ఈ పాత పోర్టులే. నిజమే, పెద్ద ఫైల్ కాపీ చేస్తే సెకనుకి 550 ఎంబీ రావాల్సిన చోట 280 దగ్గర ఆగుతుంది. కానీ ఇందాక చెప్పాను కదా, మనకి బాధంతా వెతుకులాటతో, ఆ 0.1 మిల్లీసెకన్ అలాగే ఉంటుంది కాబట్టి రోజువారీ వాడకంలో తేడా కనిపెట్టడం కష్టం. ఎన్‌వీఎంఈ అని సన్నగా చూయింగ్ గమ్ ముక్కంత ఉంటాయి, స్పీడ్ చాలా ఎక్కువే, కానీ పాత బోర్డుకి ఆ స్లాటే ఉండదు, అడాప్టర్ కార్డు పెట్టి తగిలించినా చాలా పాత బయోస్‌లు (ఆన్ చేయగానే బోర్డులో ముందు నడిచే ప్రోగ్రామ్) దాన్నుంచి బూట్ అవ్వవు, కాబట్టి ఆ జోలికి పోవద్దు. ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందట కదా అని ఇంకో అనుమానం. మంచి రకం 500 జీబీ వాటికి 300 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) దాకా రాసుకోవచ్చని కంపెనీలే రాసిస్తున్నాయి, రోజుకి 20 జీబీ చొప్పున ఏకధాటిగా రాసినా 40 ఏళ్ళు పడుతుంది, అప్పటికి ఆ బోర్డు ఉంటుందా మనం ఉంటామా.

పెట్టేటప్పుడు రెండు దారులు. ఒకటి, పాత డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టుగా క్లోన్ చేయడం, దానికి క్లోన్‌జిల్లా లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, కొన్ని ఎస్‌ఎస్‌డీ కంపెనీలు వాళ్ళవి వాళ్ళే ఇస్తాయి. రెండోది, ఫొటోలు ఫైళ్ళు పక్కన దాచుకుని ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా ఎక్కించడం. నేనైతే రెండోదే అంటా, ఎందుకంటే పదేళ్ళ చెత్త, వాడని టూల్‌బార్లు, ఎప్పుడో పీకేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్, అదంతా మోసుకెళ్ళి కొత్త చోట పెట్టడం ఎందుకు. అయితే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివి ఉండి మళ్ళీ లైసెన్స్ దొరకదనుకునేవాళ్ళకి క్లోనే దిక్కు. ఏది చేసినా ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ వేసి పాత డిస్క్ ఆరోగ్యం చూసుకోండి. పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు అని అందులో లైన్లు ఉంటాయి, డిస్క్ మీద పాడైన చోట్ల లెక్క అది, అక్కడ సున్నా కాకుండా అంకెలు కనిపించి అవి పెరుగుతూ ఉంటే ఇంక క్లోనూ వద్దు ఏమీ వద్దు, ముందు ఫొటోలు బయటికి లాగండి. ఎస్‌ఎస్‌డీ పెట్టేశాక కూడా పాత డిస్క్ బాగుంటే దాన్ని లోపలే ఉంచి సినిమాలకీ బ్యాకప్‌కీ వాడుకోవచ్చు, డెస్క్‌టాప్‌కి ఉన్న సుఖమే అది, లోపల చోటుంటుంది. ఇంకో చిన్న విషయం, బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో విండోస్ ఎక్కించక ముందే చూసుకోవాలి, ఐడీఈ అని ఉంటే మార్చుకోవాలి. విండోస్ ఎక్కాక ఊరికే మారిస్తే బ్లూ స్క్రీన్ వచ్చి కూర్చుంటుంది.

తర్వాత ర్యామ్. నాలుగు జీబీతో ఇవాళ బ్రౌజర్ నడపడమే యుద్ధం, ఎనిమిది ఉంటే ఇంటి వాడకానికి హాయిగా ఉంటుంది, పదహారు అంటే ఫొటో ఎడిటింగ్ లాంటివి చేసేవాళ్ళకి. ఇక్కడ జనం దెబ్బతినేది రకం దగ్గర. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు, కింద పిన్నుల మధ్య ఉండే గాడి ఒక్కో రకానికి ఒక్కో చోట ఉంటుంది, అది కుదరట్లేదు అంటే నొక్కే బలం చాలక కాదు, రకం తేడా అని. వోల్టేజీ కూడా వేరే, డీడీఆర్3ది 1.5 వోల్టులు, డీడీఆర్4ది 1.2. ఏ రకమో తెలుసుకోడానికి సీపీయూ-జెడ్ అని ఒక ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, మూత విప్పకుండానే చెబుతుంది, ఎన్ని స్లాట్లు ఉన్నాయో ఎందులో ఎంత ఉందో కూడా చూపిస్తుంది. ఇంకొకటి, విండోస్ 32 బిట్‌ది ఉంటే ఎనిమిది జీబీ పెట్టినా ఉపయోగం సున్నా, నాలుగు దాటి వాడుకోలేదు, 64 బిట్‌ది ఎక్కించాల్సిందే. ఇది చెప్పకుండా ర్యామ్ అమ్మేసినవాళ్ళని చూశా, కొన్నాయన పెట్టించుకున్నాడు, ఏం తేడా లేదని మళ్ళీ వెళ్ళి అడిగితే "మీ మదర్‌బోర్డు వీక్ అయిందండీ" అన్నారట. మదర్‌బోర్డు వీక్ అవడం ఏంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

ఒకే సైజు ర్యామ్‌లు రెండు పెట్టి డ్యూయల్ చానెల్ (రెండూ కలిసి ఒకేసారి పనిచేసేలా) చేసుకుంటే ఇంకొంచెం మంచిది, ముఖ్యంగా వేరే గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లలో. పెట్టాక సిస్టమ్ ఆన్ అవ్వకుండా బీప్ బీప్ అంటే కంగారు పడొద్దు, తీసి బంగారు రంగు అంచుని మెత్తటి రబ్బరుతో తుడిచి, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెడితే సగం కేసుల్లో వచ్చేస్తుంది. పవర్ తీగ గోడ దగ్గర పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంట్ వదిలించి, చేత్తో డబ్బా ఇనుము ముట్టుకుని, అప్పుడే లోపల చెయ్యి పెట్టాలి, ఇది మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు.

విప్పారు కాబట్టి ప్రాసెసర్ మీద ఫ్యాన్ కూడా చూడండి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము అందరికీ కనిపిస్తుంది, అది కాదు అసలుది. ఫ్యాన్ తీస్తే కింద అల్యూమినియం రెక్కల మధ్యలో బూడిద రంగు దుప్పటిలా ఒక పొర పరుచుకుని ఉంటుంది, మధ్యలోంచి గాలి చొరబడే సందే ఉండదు, వేలితో లాగితే అలాగే ఒక ముక్కగా ఊడి వస్తుంది. దాని కింద ప్రాసెసర్ వేడెక్కిపోయి తనని తాను కాపాడుకోడానికి స్పీడ్ తగ్గించేసుకుంటుంది, మనం ఏమో వైరస్ వచ్చిందనుకుంటాం. దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని పైకి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగిస్తే ఉష్ణోగ్రత గట్టిగానే తగ్గుతుంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని గాలి కొట్టాలి, వదిలేసి బ్లోయర్ పెడితే అది విమానంలా తిరిగి బేరింగ్ పాడవుతుంది. మదర్‌బోర్డు మీద బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులది. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు కుదరవు, బ్యాంకు సైటూ మెయిలూ ఏవీ తెరుచుకోవు. ఇంటర్నెట్ పోయిందని కేబుల్ వాళ్ళకి ఫోన్లు చేసేవాళ్ళు ఉన్నారు, గడియారం చూడరు.

పవర్ సప్లయి మాత్రం పాతది నమ్మొద్దండీ. అందరూ ర్యామ్ పెడతారు, ఎస్‌ఎస్‌డీ పెడతారు, అన్నిటికీ కరెంటిచ్చే ఆ డబ్బాని మర్చిపోతారు. లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటు నిలవ చేసే చిన్న గొట్టాల్లాంటివి) ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి, ఉబ్బుతాయి, సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవడం, ఒక్కోసారి రెండు మూడు సార్లు నొక్కితే గానీ ఆన్ కాకపోవడం, ఇవన్నీ దాని లక్షణాలే. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, కొత్త ఎస్‌ఎస్‌డీని కూడా వెంటబెట్టుకుని పోగలదు. మంచి కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ ముద్ర ఉన్నది తీసుకోండి, తర్వాత ఎప్పుడైనా కొత్త సిస్టమ్ కట్టినా అదే పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో పవర్ సప్లయి ఆకారమూ కనెక్టర్లూ వాళ్ళవే ప్రత్యేకంగా ఉంటాయి, బజార్లో దొరికే మామూలు ఏటీఎక్స్ సైజుది పట్టదు, విప్పి చూసి కొలుచుకున్నాకే కొనాలి. దాన్ని విప్పి రిపేర్ చేద్దామని మాత్రం అస్సలు అనుకోవద్దు, తీగ పీకేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది, ప్రాణం మీదకి వస్తుంది.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దగ్గర నా సలహా ఏంటంటే చెయ్యి వెనక్కి లాక్కోమని. బోర్డు సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, ఏదైతే అందులో పట్టే ప్రాసెసర్లే పట్టాలి, కొత్త తరానివి పట్టవు. కాకపోతే ఒక మినహాయింపు ఉంది, ఎల్‌జీఏ1155 అనే సాకెట్ ఉన్న బోర్డులో రెండు కోర్ల ఐ3 ఉన్నవాళ్ళు అదే సాకెట్‌కి వచ్చే నాలుగు కోర్ల ఐ5 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వేసుకోవచ్చు, బాగానే తేడా తెలుస్తుంది, మూడో తరానిదైతే ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోవాల్సి రావచ్చు. యూట్యూబ్ వీడియో ఆగి ఆగి వస్తోందని గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్ళు ముందు ఒకటి తెలుసుకోండి, వీడియోని కుదించి పంపే పద్ధతులు చాలా ఉన్నాయి, పాత చిప్‌లకి హెచ్.264 అనే పద్ధతి వీడియోని హార్డ్‌వేర్‌తో విప్పడం వచ్చు, వీపీ9, ఏవీ1 అనే కొత్త రకాలు రావు, అవి వస్తే భారమంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. బ్రౌజర్‌లో చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టి హెచ్.264లోనే పంపమని యూట్యూబ్‌ని అడగొచ్చు, పైసా ఖర్చు లేదు. మరీ కావాలంటే జీటీ 1030 లాంటి చిన్న కార్డు, 30 వాట్లదే కాబట్టి స్లాట్ ఇచ్చే కరెంటే చాలు, వేరే తీగ అక్కర్లేదు, వీపీ9 వరకు చూసుకుంటుంది, ఏవీ1 దానికీ రాదు. గేముల కోసం పాత సిస్టమ్‌లో పెద్ద కార్డు పెట్టడం అంటే మాత్రం డబ్బు దండగ, ప్రాసెసర్ దాన్ని అందుకోలేదు.

ఇక అసలు గొడవ, విండోస్ 11. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ దగ్గర నుంచి ఉండాలి అన్నారు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. ఇందులో నాకు మింగుడుపడనిది ఏడో తరం సంగతి. ఐ7-7700 అని 2017 జనవరిలో వచ్చిన ప్రాసెసర్, నాలుగు కోర్లు ఎనిమిది థ్రెడ్లు, ఇప్పటికీ గుర్రంలా పనిచేస్తుంది, చాలా బోర్డుల్లో టీపీఎం 2.0 కూడా బయోస్‌లో ఆన్ చేసుకోవచ్చు, అయినా లిస్టులో లేదు. 2021లో విండోస్ 11 వచ్చేసరికి దానికి ఐదేళ్ళు కూడా నిండలేదు. సెక్యూరిటీ కోసమే అంటారు, సెక్యూరిటీ ముఖ్యమే, కానీ పనిచేస్తున్న మిషన్‌కి అప్‌డేట్లు ఆపేసి అదే సెక్యూరిటీ అంటే ఎలా. చుట్టుదారిలో విండోస్ 11 ఎక్కించే పద్ధతులు చాలామంది చెబుతున్నారు, పనిచేస్తాయి కూడా, అయితే మైక్రోసాఫ్ట్ అలాంటి సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయని గ్యారంటీ ఇవ్వదు, ఏ పెద్ద అప్‌డేట్ దగ్గరైనా ఆగిపోవచ్చు. 24హెచ్2 వెర్షన్ నుంచి అయితే ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాల సెట్ లేని పాత ప్రాసెసర్ల మీద అసలు బూటే అవ్వదు, కోర్ 2 డుయోల కథ అక్కడితో సరి.

విండోస్ 10 మీదే ఉండిపోదామనుకునేవాళ్ళకి ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అని పథకం పెట్టారు, 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడానికి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేని దారి కూడా ఉంది, 22హెచ్2 వెర్షన్ ఉండాలంతే. ఇంత ముఖ్యమైన విషయం మన పేపర్లలో ఒక మూల చిన్న వార్తగా కూడా సరిగ్గా రాలేదనేది నా ఫిర్యాదు. ఆ తర్వాత ఏంటి అంటే నా సమాధానం లినక్స్ మింట్, విండోస్ చోట ఎక్కించుకునే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్. పేరు వినగానే నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టాలేమో అని భయపడతారు, అదేం లేదు, కింద ఎడమ పక్క మెనూ, పక్కనే బ్రౌజర్, అచ్చం అలవాటైన దానిలాగే ఉంటుంది, నాలుగు జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్కించకుండానే అందులోంచి నడిపి చూసుకోవచ్చు, వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పట్టుకుందా, అన్నీ చూసుకుని నచ్చితేనే ఎక్కించుకోండి. మెయిల్, వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు, లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు, ఇంతే వాడకం ఉన్న ఇంట్లో ఎవరికీ ఇబ్బంది రాదు. విండోస్‌కి మాత్రమే ఉన్న సాఫ్ట్‌వేర్‌తో బతుకుతున్నవాళ్ళని మారమని నేను చెప్పను, వాళ్ళకి అది కుదరదు. విండోస్ 7 ఇంకా వాడుతున్నవాళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోవాలి, క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తోనే దానికి ఆగిపోయింది, అది 2023 నాటి మాట, ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు చేయడం తలుచుకుంటేనే నాకు భయం.

పాతదాన్ని ఎల్లకాలం పట్టుకు వేలాడమని కూడా నా ఉద్దేశం కాదు. బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి జిగురు కారుతుంటే దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. ర్యామ్ డీడీఆర్2 రకం అయితే పెట్టొద్దు. రోజంతా, రాత్రంతా ఆన్‌లోనే ఉండాల్సిన పని అయితే కూడా ఆలోచించాలి, పాత డెస్క్‌టాప్ ఊరికే కూర్చున్నా నలభై యాభై వాట్లు తాగుతుంది, చేతిలో పట్టే మినీ పీసీలు అదే పని పది వాట్ల లోపు చేసేస్తున్నాయి. రోజుకి రెండు మూడు గంటలు వాడే ఇంట్లో ఆ లెక్క పెద్దగా తేలదు.

కొత్తది కొంటే పర్యావరణానికి మంచిది, కరెంటు ఆదా అని రాస్తుంటారు కదా, దాని మీద ఒక లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి యూనివర్సిటీ 2004లో చెప్పిన దాని ప్రకారం ఒక డెస్క్‌టాప్, దాని పాతకాలపు 17 అంగుళాల మానిటర్ తయారు కావడానికి కనీసం 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1500 కిలోల నీళ్ళు కావాలి. ఇప్పటి మిషన్లకి అంకెలు మారి ఉంటాయి, కానీ కంప్యూటర్ మీద ఖర్చయ్యే ఇంధనంలో పెద్ద వాటా వాడకంలో కాదు తయారీలోనే అయిపోతుందని అప్పుడే తేల్చారు. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వచ్చిందని, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమేనని గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ 2024 రిపోర్టులో ఉంది. మిగతాది ఎక్కడికి పోయిందో మీ రిపోర్టర్లు రాస్తే చదవాలని ఉంది.

ఎవరికైనా ఇచ్చేసేవాళ్ళకి ఒక మాట. ఫార్మాట్ కొట్టాం కదా అని డిస్క్‌తో సహా ఇచ్చేయకండి, క్విక్ ఫార్మాట్‌లో డేటా ఎక్కడికీ పోదు, పేర్ల పట్టీ మాత్రమే చెరుగుతుంది, రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే ఆధార్ కాపీలతో సహా అన్నీ బయటికొస్తాయి. తిరిగే డిస్క్ అయితే మొత్తం ఒకసారి సున్నాలతో నింపాలి, విండోస్‌లో రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్ క్లీన్ చేయాలా అని అడుగుతుంది, దానికి అవును అనాలి. ఎస్‌ఎస్‌డీకి ఆ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ ఎరేజ్ అని ఉంటుంది. రెండూ చేతకాకపోతే డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకుని మిగతాది ఇచ్చేయండి.

ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. కొత్త ఫోన్ల రివ్యూలు ఆపమనట్లేదు, నెలకి ఒక్కసారి ఆ పేజీలో సగం పాత సిస్టమ్‌ల కోసం వదలండి, పాఠకులు ప్రశ్నలు పంపిస్తారు, తెలిసినవాళ్ళు ఎవరైనా అమ్మకం ఆశ లేనివాళ్ళు సమాధానం చెబుతారు. మొదటి ప్రశ్న నాదే రాసుకోండి: 64 బిట్ విండోస్‌కి డ్రైవర్ రాని పాత లేజర్ ప్రింటర్ ఒకటుంది, టోనర్ ఇంకా నిండుగా ఉంది, లినక్స్ సిస్టమ్‌కి తగిలించి నెట్‌వర్క్‌లో అందరికీ షేర్ చేద్దామనుకుంటున్నా, కప్స్‌లో (లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్ ఎలా పెట్టాలో ఎవరైనా చేసినవాళ్ళు చెబుతారా?

ఇట్లు,
మీ పాఠకుడు